దాది, సెవిలి, నర్సమ్మ: మన ఇళ్ళల్లో రాయకుండా వదిలేసిన పేర్లు

ఇంతవరకు ఈ పేజీలో మన వలసల గురించి, గుడి మాన్యాల గురించి, బారామహల్ భూముల గురించి రాస్తూ వచ్చాం. ఈసారి రోగుల పక్కన నిలబడి పనిచేసిన ఆడవాళ్ళ గురించి రాస్తున్నాం. అమెరికాలో నర్సింగ్ చదువుతున్న మన బంధువుల అమ్మాయికి అక్కడి నర్సుల గౌరవ సంఘం నుంచి ఆహ్వానం వచ్చింది. "ఇది నిజమైన సంఘమేనా, డబ్బు గుంజే పనా? చేరితే ఏం లాభం?" అని పెద్దలు అడిగారు. వాళ్ళకి జవాబు వెతకబోతే ధర్మపురి దాకా, గుంటూరు దాకా వెనక్కి పోవాల్సి వచ్చింది.

ముందు మాటల సంగతి చూద్దాం. మేము బడిలో చదివింది కన్నడంలో. అక్కడ నర్సుని "దాది" అంటారు, మే 12న "దాదియర దిన" జరుపుతారు. తెలుగులో దాది అంటే బిడ్డకి పాలిచ్చి పెంచే మనిషి. ఆసుపత్రిలో ఉండే ఆమె మనకి నర్సమ్మ. ధర్మపురి గవర్నమెంటు ఆసుపత్రి బోర్డు మీద "సెవిలియర్" అని ఉంటుంది. సంగం కాలపు పాటల్లో నాయికని పెంచిన తల్లిని సెవిలి తాయ్ అనేవాళ్ళు, ఆ మాటే నర్సుకి వచ్చింది. మూడు భాషలు పక్కపక్కన పెట్టి చూస్తే ఒకటి తెలుస్తుంది. ఈ పనిని మన సీమలో తల్లి పనిగానే చూశారు. తల్లి పనికి జీతం ఉండదు, బిరుదు ఉండదు, ఎవరూ పుస్తకంలో రాసి పెట్టరు.

ధర్మపురికి పాత పేరు తగడూరు. అక్కడి అదియమాన్ నెడుమాన్ అంజి, ఆయుష్షు పెంచే అరుదైన నెల్లికాయ తను తినకుండా అవ్వైయార్‌కి ఇచ్చాడని కథ. తర్వాత నొళంబులు వచ్చారు. వాళ్ళ హేమావతి ఇప్పుడు ఆంధ్రలో ఉంది, ధర్మపురి తమిళనాట ఉంది, శాసనాలేమో కన్నడంలో ఉన్నాయి. వీరుడికి కల్లు నిలిపే ఆచారం ఈ ప్రాంతమంతా ఉంది. ఆవుల్ని కాపాడుతూ చచ్చినవాడికి రాయి దొరికింది. పురుళ్ళు పోసిన మంత్రసానికి మాత్రం రాయి నిలిపిన ఊరు మాకు కనపడలేదు.

1792లో టిప్పు సుల్తాను బారామహల్‌ని కంపెనీకి వదులుకున్నాక, థామస్ మన్రో ఈ ధర్మపురి సీమలోనే రెవిన్యూ పని నేర్చుకున్నాడు. 1800లో దత్తమండలాలకి పోయాడు, మద్రాసు గవర్నరు కూడా అయ్యాడు. 1827 జూలైలో పత్తికొండ దగ్గర కలరా వచ్చి చనిపోయాడు. గవర్నరుకే ఆ గతి పడితే మామూలు రైతుకి ఎట్లా ఉంటుందో చెప్పనక్కర్లేదు. రోగి పక్కన కూర్చునేది ఇంటి ఆడవాళ్ళే. 1876 నుంచి 78 దాకా వచ్చిన పెద్ద కరువు సేలం జిల్లానీ రాయలసీమనీ రెండిటినీ పీల్చేసింది. ధర్మపురి అప్పుడు సేలం జిల్లాలోనే ఉండేది, వేరే జిల్లా అయింది 1965లో.

ఆ కరువు గురించి లండన్‌లో కూర్చుని కోపంగా రాసినవాళ్ళలో ఫ్లోరెన్స్ నైటింగేల్ ఒకరు. ఆమె ఇండియాకి ఒక్కసారి కూడా రాలేదు. అయినా 1863లో సైన్యం ఆరోగ్యం మీద వచ్చిన రాయల్ కమిషన్ రిపోర్టు కాలం నుంచి చాలా ఏళ్ళు మన దేశం గురించి రాస్తూనే ఉన్నారు. 1878లో భారత ప్రజల మీద పెద్ద వ్యాసం అచ్చు వేయించారు. ధవళేశ్వరం ఆనకట్ట కట్టించిన ఆర్థర్ కాటన్‌తో ఉత్తరాలు నడిపారు, నీటిపారుదల కావాలని ఆయన వైపు నిలబడి వాదించారు. గోదావరి జిల్లాల్లో కాటన్ దొర విగ్రహాలు ఊరూరా ఉన్నాయి. మన తరఫున కలం పట్టిన ఈమెని మాత్రం మనవాళ్ళు దీపం పట్టుకున్న బొమ్మగానే గుర్తుపెట్టుకున్నారు. నర్సింగ్ కాలేజీల్లో దీపం వెలిగించి చదివే నైటింగేల్ ప్రతిజ్ఞ కూడా ఆమె రాసింది కాదు. 1893లో అమెరికాలోని డెట్రాయిట్‌లో లిస్ట్రా గ్రెటర్ నాయకత్వంలో తయారైంది.

మన వైపు నర్సు చదువు మొదలైంది మద్రాసు జనరల్ ఆసుపత్రిలో, 1871లో. గుంటూరులో, 1883లో వచ్చిన డాక్టర్ అన్నా కుగ్లర్ 1898లో ఆడవాళ్ళ ఆసుపత్రి తెరిచారు. వేలూరులో ఐడా స్కడ్డర్ ఆసుపత్రి పక్కనే 1909లో నర్సుల స్కూలు వచ్చింది, 1946లో అది డిగ్రీ కాలేజీ అయింది. ధర్మపురి వాళ్ళకి పెద్ద జబ్బు వస్తే వేలూరు పోవడం ఇప్పటికీ ఉన్నదే. మొదట్లో ఈ చదువుకి వచ్చినవాళ్ళలో క్రైస్తవ అమ్మాయిలు ఎక్కువ, వాళ్ళతో దిక్కులేని వితంతువులు. భూమి ఉన్న తెలుగు ఇళ్ళు కూతుళ్ళని పంపలేదు. రాత్రి డ్యూటీ, పరాయి మగవాళ్ళని ముట్టుకోవడం, అన్ని కులాల వాళ్ళ మలమూత్రాలు ఎత్తడం, ఇవీ వాళ్ళు చెప్పిన కారణాలు. అదే ఇళ్ళవాళ్ళు జ్వరం వస్తే అదే నర్సు చేతి మందు తాగారు.

మరి ఆ నర్సులకి గుర్తింపు ఎట్లా వచ్చింది? పతకాలు చాలా తర్వాతి మాట. మొదట వచ్చింది రిజిస్టరు. 1905లో లక్నోలో నర్సింగ్ సూపరింటెండెంట్ల సంఘం పుట్టింది, 1908లో ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వచ్చింది. 1910 నుంచి దానికి సొంత పత్రిక ఉంది. 1926లో మద్రాసు నర్సుల, మంత్రసానుల చట్టం వచ్చింది. చదివి పాసైన ఆమె పేరు సర్కారు పుస్తకంలో నంబరుతో సహా ఎక్కింది. "ఫలానావాడి భార్య" అన్నది పక్కన పెట్టి, ఆమె తన పనితోనే కాగితం మీద కనపడిన చోటు అది. 1929లో విద్యార్థి నర్సుల సంఘం, 1947లో ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ చట్టం వచ్చాయి.

ఇప్పుడు పెద్దల ప్రశ్నకి వద్దాం. అమెరికాలోని ఆ సంఘం పేరు సిగ్మా థీటా టౌ. 1922లో ఇండియానా యూనివర్సిటీ నర్సుల స్కూల్లో ఆరుగురు విద్యార్థినులు మొదలుపెట్టారు. అప్పట్లో నర్సు అంటే డాక్టరు చెప్పింది చేసే చెయ్యి అనే అక్కడా అనుకునేవాళ్ళు. నర్సింగ్ కూడా ఒక విద్య, దానికి సొంత పరిశోధన ఉండాలి అని ఆ ఆరుగురి పట్టు. పేరులోని మూడు గ్రీకు అక్షరాలు మూడు మాటల మొదళ్ళు: ప్రేమ, ధైర్యం, గౌరవం. 1936లోనే నర్సింగ్ పరిశోధనకి డబ్బు ఇచ్చారు, తర్వాత సొంత పరిశోధనా పత్రిక పెట్టారు. కాలేజీల్లో ఉండే శాఖని చాప్టర్ అంటారు. చదువులో ముందు వరసలో ఉన్న విద్యార్థుల్నీ, పనిలో నాయకత్వం చూపిన నర్సుల్నీ పిలిచి ఒక సభలో చేర్చుకుంటారు. చాప్టర్ వాళ్ళు స్కాలర్‌షిప్పులు ఇస్తారు, పరిశోధనలు చదివి వినిపించే సభలు పెడతారు, కొత్తగా వచ్చినవాళ్ళకి సీనియర్లని జతచేస్తారు. సభ్యత్వానికి రుసుము ఉంది, అది దాచిన సంగతేం కాదు. కాబట్టి పెద్దలకి మా జవాబు ఇది: సంఘం నిజమైనదే, చేరడం గౌరవమే. ఆ పిన్ను తగిలించుకుని ఊరుకుంటే లాభం తక్కువ, చాప్టర్ పనుల్లో దిగితే లాభం ఎక్కువ.

అయితే ఇట్లాంటి గౌరవానికి ఒక హద్దు ఉంది. మార్కులు ఉన్నవాళ్ళు, కాలేజీ మెట్టు ఎక్కినవాళ్ళు మాత్రమే ఆ జల్లెడలో నిలుస్తారు. ధర్మపురి జిల్లాలోనే సిట్టిలింగి లోయ ఉంది. మలవాసి గిరిజనులు, లంబాడీలు ఉండే చోటు. 1993లో డాక్టర్ రెజి జార్జ్, డాక్టర్ లలితా రెజి దంపతులు అక్కడికి వచ్చి, ఊరివాళ్ళు కట్టిన మట్టి గుడిసెలో వైద్యం మొదలుపెట్టారు. అప్పట్లో ఆసుపత్రి కావాలంటే హరూరుకి దాదాపు 50 కిలోమీటర్లు పోవాలి. బయటి నుంచి నర్సులు వచ్చి నిలిచే చోటు కాదు. అందుకని ఆ లోయలోని అమ్మాయిలకే పని నేర్పించారు. పురుడు పోయడం, సెలైన్ పెట్టడం, ఆపరేషన్లో చేయి అందించడం అన్నీ వాళ్ళు నేర్చుకున్నారు. పుట్టిన 1000 మంది బిడ్డల్లో ఏడాది నిండకుండా పోయేవాళ్ళు 147 మంది ఉండేవాళ్ళని, అది 20 దగ్గరికి దిగిందని ఆ ఆసుపత్రి లెక్క. ఈ పని చేసిన అమ్మాయిల్లో ఎవరికీ గ్రీకు అక్షరాల పిన్ను రాదు. కానీ ఆ లోయలో ఏ బిడ్డ ఏ రాత్రి ఎవరి చేతిలో పుట్టిందో తల్లులకి తెలుసు.

మేము సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ పనిలో ఉన్నాం. అంతా సరిగ్గా నడిచిన రోజు టెస్టరు పేరు ఎవరూ తలుచుకోరు. ఏదైనా తప్పు బయటపడినప్పుడే "ఎవరు చూశారు దీన్ని?" అంటారు. నర్సు పని కూడా ఇంతే, కాకపోతే అక్కడ పోయేది ప్రాణం. పడకపుండు పడలేదంటే, సెప్టిక్ కాలేదంటే, తప్పు మందు ఎక్కలేదంటే, ఒకామె రాత్రంతా చూసుకుందని అర్థం. జరగకుండా ఆపిన దాన్ని లెక్కలో చూపించడం కష్టం.

మన సర్కారు 1973లో నేషనల్ ఫ్లోరెన్స్ నైటింగేల్ అవార్డు పెట్టింది. పల్లెల్లో తిరిగే ఏఎన్ఎంలకీ అది ఇస్తారు, అది మంచి సంగతి. డిగ్రీ లేని చేతికి కూడా దేశం మొక్కిన ఒక ఉదాహరణ మనకి దగ్గర్లోనే ఉంది. తుమకూరు జిల్లా పావగడలో, తెలుగు కన్నడం రెండూ వినిపించే సీమలో, సూలగిత్తి నరసమ్మ ఉండేవారు. సూలగిత్తి అంటే కన్నడంలో మంత్రసాని. బడికి పోలేదు, అవ్వ దగ్గర పని నేర్చుకున్నారు. డబ్బు తీసుకోకుండా వేలమందికి పురుడు పోశారు. 2014లో తుమకూరు విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ఇచ్చింది, 2018లో పద్మశ్రీ వచ్చింది. ఆ ఏడాది డిసెంబరులోనే ఆమె పోయారు. గౌరవం వచ్చింది కానీ తొంభై ఏళ్ళు దాటాక వచ్చింది.

2020ని ప్రపంచ ఆరోగ్య సంస్థ నర్సుల, మంత్రసానుల సంవత్సరంగా ప్రకటించింది. నైటింగేల్ పుట్టి 200 ఏళ్ళయిన ఏడాది అది. ఆ ఏడే కరోనా వచ్చింది. మే నెలలో ఆసుపత్రుల మీద హెలికాప్టర్ల నుంచి పూలు చల్లారు. అదే రోజుల్లో అద్దె ఇల్లు ఖాళీ చేయమని నర్సులకి చెప్పిన ఓనర్ల వార్తలూ చదివాం. పూలు చల్లడం తేలిక. ఆమెకి ఇల్లు ఇవ్వడం, ఆమె ఇంటితో సంబంధం కలుపుకోవడం, అక్కడ తెలుస్తుంది అసలు గౌరవం.

ఇక మన ఇంటి సంగతి. మన వంశవృక్షంలో ఏడు తరాల మగవాళ్ళ పేర్లున్నాయి, ఎవరు ఏ బావి తవ్వించారో కూడా ఉంది. సర్కారు ఆసుపత్రిలో ముప్పై ఏళ్ళు పనిచేసిన మన జేజి ఒకామె ఉంది. భర్త పోయాక ఇద్దరు బిడ్డల్ని ఆ జీతంతోనే చదివించింది. వంశవృక్షంలో ఆమె చోట "భార్య" అని ఒక గీత, అంతే. ఆమె చదివించిన బిడ్డల ఉద్యోగాలు మాత్రం అక్షరం పొల్లు పోకుండా రాసి ఉన్నాయి. పెళ్ళి చూపుల్లో ఆమె ఉద్యోగం సంగతి ఎత్తొద్దని చెప్పేవాళ్ళంట. ఈరోజు అమెరికా ఆహ్వానం వచ్చిందని వాట్సాప్ గ్రూపులో చప్పట్లు కొట్టే మనమే, హోసూరులో నర్సింగ్ చేరతానన్న ఇంకో పిల్లతో "ఇంజనీరింగ్ దొరకలేదా?" అంటా ఉన్నాం. పని ఒకటే, ఊరు మారితే మర్యాద మారుతుందా?

అందుకని ఒక పని మొదలుపెట్టాం. నర్సులు, మంత్రసానులు, ఆయాలు, కాంపౌండర్లు, మన చుట్టాల్లో ఎవరున్నా వాళ్ళ వివరాలు రాసి పంపండి. ఎక్కడ చదివారు, ఏ ఏడు పాసయ్యారు, రిజిస్టరు నంబరు ఉందా, ఏ ఊళ్ళల్లో పనిచేశారు, పాత ఫోటో ఉందా? చదువు లేకుండా పని చేసినవాళ్ళయితే, వాళ్ళు ఎవరెవరికి పురుడు పోశారో బతికున్న పెద్దల్ని అడిగి రాయండి. వచ్చే ఉగాదికి వంశవృక్షం మళ్ళీ అచ్చు వేసేటప్పుడు వాళ్ళ పేరు, వాళ్ళ పని ఆ గీత చోట ఉండాలి. తొంభై దాటిన పెద్దమ్మలు ఇద్దరే మిగిలారు. ఈ వేసవిలో ఊరికి వచ్చేవాళ్ళు మొదట వాళ్ళ దగ్గర కూర్చోండి.