కౌంటీ బడ్జెట్ – రాష్ట్ర శాసనం

అమెరికాలో రాష్ట్రానికి దిగువన ఉండే పాలనా విభాగం కౌంటీ. జైళ్లు, రోడ్లు, ప్రజారోగ్యం వంటి పనులకు బడ్జెట్ ఆమోదించేది ప్రజలు ఎన్నుకున్న కమిషనర్లు. కాలిఫోర్నియాలో వీరిని సూపర్‌వైజర్లు అంటారు. మరి ఆ బడ్జెట్‌కు కావలసిన రాబడి వీరి చేతిలో ఉందా?

అమెరికా రాజ్యాంగంలో స్థానిక ప్రభుత్వాల ప్రస్తావనే లేదని మీరు గమనించాలి. రాష్ట్రం ఇచ్చిన అధికారాలే స్థానిక సంస్థలకు ఉంటాయని 1868లో అయోవా న్యాయమూర్తి జాన్ డిల్లన్ సూత్రీకరించాడు. ఇందుకు భిన్నంగా కాలిఫోర్నియా 1911లో కౌంటీలకు సొంత చార్టర్ రాసుకునే హక్కు ఇచ్చింది. అయినా ఆర్థిక స్వేచ్ఛ నిలవలేదు. 1978లో ఓటర్లు ఆమోదించిన 13వ ప్రతిపాదన ఆస్తి పన్నును ఆస్తి విలువలో 1 శాతానికి పరిమితం చేసింది. వసూళ్లు సగానికి పైగా పడిపోయాయి. మిగిలిన పన్నును ఎవరికెంత పంచాలో రాష్ట్ర శాసనమే నిర్ణయించసాగింది. 1992లో లోటు పూడ్చుకోవడానికి రాష్ట్రం కౌంటీల వాటాలో కొంత పాఠశాలలకు మళ్లించింది. బాధ్యతలు కౌంటీలకే మిగిలాయి.

అదే 1992 నాటి మన 73వ సవరణ పంచాయతీలకు రాజ్యాంగ ప్రతిపత్తి కల్పించింది. కానీ పన్నులు విధించే అధికారం ఇవ్వవలసింది రాష్ట్ర శాసనసభే. రాజ్యాంగంలో చోటు దక్కితే స్వయంపాలన దక్కినట్లేనా? మీ గ్రామ పంచాయతీని దృష్టిలో ఉంచుకొని ఆలోచించండి.