షెల్బీ ఇనుప కొట్టు కుర్రాడు

1905 ఫుట్‌బాల్ సీజను. అమెరికాలోని ఒహాయో రాష్ట్రం, టొలీడో పట్టణం. మైదానం చుట్టూ జనం మూగి ఉన్నారు. తమ ఊరి జట్టు మీద ఆడటానికి షెల్బీ అనే చిన్న ఊరి నుంచి జట్టు వచ్చింది. అందులో బంతి పట్టుకుని పరుగెత్తే హాఫ్‌బ్యాక్ ఆరడుగుల మనిషి. తొంభై కిలోల బరువు. ఆ జట్టులో నల్లవాడు అతనొక్కడే. బంతి అతని చేతికి వస్తే చాలు, జనంలోంచి ఒక తిట్టు లేస్తోంది. బానిసల సంతల కాలం నుంచీ తెల్లవాళ్ల నోళ్లలో నానిన తిట్టు అది. ఇక్కడ రాయదగ్గది కాదు.

అతను తలెత్తి ఆ వైపు చూడలేదు. కిందపడితే లేచాడు, తన చోటికి వెళ్లి నిలబడ్డాడు. మళ్లీ బంతి, మళ్లీ తిట్టు.

అప్పుడు టొలీడో జట్టు నాయకుడు జాక్ టాటర్‌సాల్ ఆట ఆపించాడు. తన సొంత ఊరి జనం వైపు తిరిగాడు. ఆ మనిషిని ఆ మాట అనవద్దని, అతను పెద్దమనిషి అని, నీతిగా ఆడే ఆటగాడని అందరికీ వినబడేలా చెప్పాడు. జనం విన్నారు. ఆ రోజు ఆట ముగిసేదాకా ఆ తిట్టు మళ్లీ వినబడలేదు.

అడ్డుపడింది ఎదుటి జట్టు నాయకుడు. గెలుపు కోసం తన మీద ఆశ పెట్టుకుని వచ్చిన వాళ్లనే అతను మందలించాడు. ఆ కాలపు ఒహాయోలో అది చిన్న సంగతి కాదు. టాటర్‌సాల్ పేరు కూడా గుర్తు పెట్టుకోదగ్గదే.

ఆ నల్లజాతి ఆటగాడి పేరు చార్ల్స్ ఫోలిస్. డబ్బు తీసుకుని అమెరికన్ ఫుట్‌బాల్ ఆడినట్టు రుజువున్న మొదటి నల్లవాడు అతనే.

1879 ఫిబ్రవరి 3న వర్జీనియా రాష్ట్రంలో క్లోవర్‌డేల్ అనే పల్లెలో పుట్టాడు. దేశంలో బానిసత్వం రద్దయి అప్పటికి పద్నాలుగేళ్లు. తండ్రి వ్యవసాయ కూలీ. చార్ల్స్ చిన్నతనంలోనే ఆ కుటుంబం దక్షిణాదిని వదిలి ఒహాయోలోని వూస్టర్‌కు చేరింది. 1899లో వూస్టర్ హైస్కూల్లో మొదటిసారి ఫుట్‌బాల్ జట్టు కట్టినప్పుడు దాని వెనక నిలబడింది ఫోలిసే. జట్టులో మిగతావాళ్లు తెల్లపిల్లలు. వాళ్లే అతన్ని కెప్టెన్‌గా ఎన్నుకున్నారు. నల్లవాళ్లకు వేరే రైలుపెట్టె పెట్టడం న్యాయమేనని అమెరికా సుప్రీంకోర్టు తీర్పు చెప్పి అప్పటికి మూడేళ్లే అయింది.

ఫుట్‌బాల్ అంటే మన మైదానాల్లో కాలితో తన్నే ఆట అనుకోవద్దు. కోడిగుడ్డు ఆకారపు బంతిని చంకలో ఇరికించుకుని ఎదుటి జట్టు గీత దాకా దూసుకుపోవాలి. ఎదుటివాళ్లు పదకొండు మంది మీదపడి ఆపుతారు. కబడ్డీలో కూతకు వెళ్లినవాణ్ని పట్టేసినట్టే ఉంటుంది గానీ, అక్కడ కింద పడేశాక కూడా మీద గుట్టగా పడేవాళ్లు. బంతితో ఆ గీత దాటడమే టచ్‌డౌన్. దానికి అప్పుడు అయిదు పాయింట్లే. మూడు ప్రయత్నాల్లో అయిదు గజాలు ముందుకు జరగాలి. బంతిని ముందుకు విసరడం 1906 దాకా నిబంధనల్లో లేదు. కాబట్టి ఎప్పుడూ గుంపులోకి దూరి తోసుకుపోవడమే. హెల్మెట్ పెట్టుకోవాలన్న నియమం లేదు. చాలామంది తోలు టోపీ కూడా లేకుండానే ఆడేవారు. కుర్రాళ్లు చచ్చిపోతుంటే గగ్గోలు పుట్టి, 1905 అక్టోబరులో అధ్యక్షుడు థియొడోర్ రూజ్‌వెల్ట్ పెద్ద కాలేజీల ఫుట్‌బాల్ పెద్దల్ని శ్వేతసౌధానికి పిలిపించి ఆటను సంస్కరించమన్నాడు.

అలాంటి ఆటలో, అందరి కళ్లూ తన రంగు మీదే ఉన్నప్పుడు, ఆ గుట్ట అడుగున ఏం జరిగేదో ఊహించుకోవచ్చు. మోచేయి ఎవరిదో, బూటు ఎవరిదో రిఫరీకి కనబడదు.

ఉక్కు గొట్టాల కర్మాగారం ఉన్న ఊరు షెల్బీ. ఆ ఊరి జట్టు మేనేజరు ఫ్రాంక్ షిఫర్ కన్ను ఫోలిస్ మీద పడింది. 1901లో వూస్టర్ ఊరి జట్టు తరఫున ఆడుతూ షెల్బీని ముప్పుతిప్పలు పెట్టినవాడు అతను. ఎదుట ఉంచుకుని దెబ్బలు తినేకన్నా మన వైపు తెచ్చుకుందాం అనుకున్నాడు షిఫర్. 1902లో ఫోలిస్ షెల్బీ జెర్సీ వేసుకున్నాడు. పరుగు చూసినవాళ్లు వూస్టర్ నుంచి వచ్చిన నల్ల తుపాను అన్నారు. ఆ పేరు నిలిచిపోయింది.

అదే జట్టులో ఆ రోజుల్లో మరో కుర్రాడున్నాడు. బ్రాంచ్ రికీ. దక్షిణ ఒహాయోలో రైతు కుటుంబంలో పుట్టి, ఒహాయో వెస్లియన్ కాలేజీలో చదువుకుంటున్న తెల్లవాడు. ఫోలిస్‌కు ఇరవై మూడేళ్లు, రికీకి ఇరవై దాటుతోంది. 1902, 1903 సీజన్లలో ఇద్దరూ పక్కపక్కన ఆడారు. పై నుంచి పడే తిట్టూ కింద నుంచి తగిలే తన్నూ ఫోలిస్ ఎలా దిగమింగుతున్నాడో రికీ దగ్గరుండి చూశాడు. ఈ రికీతో తర్వాత పనుంది.

షిఫర్ ఫోలిస్‌కు ఒక ఉద్యోగం చూపించాడు. ఊళ్లోని సెల్ట్‌జర్ వాళ్ల ఇనుప సామాన్ల కొట్టులో పని. పొద్దున కొట్టులో పనిచేసి, మధ్యాహ్నం జట్టుతో సాధన చేసుకునేలా వీలు కల్పించారు. మేకులు, బోల్టులు, తాళాలు కొనడానికి వచ్చిన షెల్బీ జనం, ఆట రోజున తమ ఊరి పరువు నిలబెట్టే మనిషినే గల్లాపెట్టె దగ్గర చూసేవారు. తొలితరం ప్రొఫెషనల్ ఆటగాళ్ల బతుకు చాలావరకు ఇంతే. ఆటకిచ్చే డబ్బుతో ఇల్లు గడవదు. గనిలోనో, మిల్లులోనో, కొట్టులోనో ఒళ్లు హూనం చేసుకుని, ఆట రోజున మళ్లీ ఒళ్లు అప్పగించాలి.

1904 సెప్టెంబరులో షెల్బీ జట్టు ఫోలిస్‌తో ఆ సీజనుకు ఒప్పందం రాయించుకుంది. స్థానిక పత్రిక ‘షెల్బీ గ్లోబ్’ ఆ సంగతి అచ్చువేసింది. ఊరి కబుర్ల మధ్య ఓ చిన్న వార్త. ఆ ఏడు మేరియన్ జట్టు మీద 83 గజాలు పరుగెత్తి ఫోలిస్ టచ్‌డౌన్ చేశాడు. సీజనంతటిలో షెల్బీ ఓడింది ఒక్క మసిలన్ టైగర్స్ చేతిలోనే.

ఆ చిన్న వార్త విలువ తెలియాలంటే కొంచెం వెనక్కి వెళ్లాలి. అప్పట్లో డబ్బు తీసుకుని ఆడటం గౌరవప్రదమైన పని కాదు. పెద్దింటి కుర్రాళ్లు సరదాకు ఆడాలి, అంతే. జట్లు డబ్బిచ్చేవి, కానీ చాటుగా. 1892 నవంబరు 12న పిట్స్‌బర్గ్‌లో యేల్ విశ్వవిద్యాలయపు పాత ఆటగాడు విలియం హెఫెల్‌ఫింగర్ ఒక్క ఆటకు 500 డాలర్లు పుచ్చుకున్నాడు. ఎదుటివాళ్లు జారవిడిచిన బంతిని అందుకుని టచ్‌డౌన్ చేశాడు, ఆనాటి లెక్కలో దానికి వచ్చిన నాలుగు పాయింట్లతోనే తన జట్టు 4-0తో గెలిచింది. బయటికి మాత్రం ఎవరూ పెదవి విప్పలేదు. కొన్ని దశాబ్దాల పాటు మొదటి ప్రొఫెషనల్ అంటే 1895లో లట్రోబ్ ఊరి జట్టు నుంచి పది డాలర్లూ ఖర్చులూ తీసుకున్న జాన్ బ్రాలియరే అనుకున్నారు. హెఫెల్‌ఫింగర్ పేరు రాసిన ఖాతాపుస్తకం దొరికాకే లెక్క మారింది. డబ్బిచ్చినట్టు కాగితం ఉన్నవాడే చరిత్రలోకి వచ్చాడు. ఫోలిస్‌కు ముందు కూడా నల్లవాళ్లకు చాటుగా డబ్బు ముట్టి ఉండొచ్చు. కాగితం మిగిలింది ఇతనికే.

షెల్బీ అతన్ని అక్కున చేర్చుకుంది అనుకుంటే పూర్తి నిజం కాదు. ఒకసారి ఆట అయ్యాక జట్టంతా మద్యం దుకాణానికి వెళ్లింది. ఫోలిస్ కూడా లోపలికి అడుగుపెట్టాడు. నల్లవాళ్లకు ఇక్కడ చోటు లేదన్నాడు యజమాని. ఫోలిస్ గొడవ పెట్టుకోకుండా వెళ్లిపోయాడు. ఈ సంఘటన చదివినప్పుడల్లా నా మనసు దుకాణదారుడి దగ్గర ఆగదు. ఆ రోజు మైదానంలో ఫోలిస్ వెనక నడిచిన వాళ్ల దగ్గర ఆగుతుంది. టొలీడోలో ఎదుటి జట్టు నాయకుడు తన జనం ముందు నిలబడగలిగాడు. ఇక్కడ సొంత జట్టు ఏం చేసింది? ఫోలిస్ ఒంటరిగా వీధిలోకి నడిచిన సంగతే మనదాకా వచ్చింది.

దెబ్బలు పేరుకుంటూ వచ్చాయి. అతన్ని ఆటలోంచి తప్పిస్తే షెల్బీ సగం ఓడినట్టేనని ఎదుటి జట్లకు తెలుసు. 1906 నవంబరు చివర, థాంక్స్‌గివింగ్ పండుగ రోజు జరిగిన ఆటలో తగిలిన దెబ్బతో ఫోలిస్ ఫుట్‌బాల్ జీవితం ముగిసింది. అప్పటికి అతనికి ఇరవై ఏడేళ్లు.

అతనికి బేస్‌బాల్ కూడా బాగా వచ్చు. కానీ పెద్ద లీగులు నల్లవాళ్లకు తలుపులు మూసి అప్పటికి చాలా ఏళ్లయింది. మిగిలింది నల్లజాతి జట్లే. వాటిలో పాతది, పేరున్నది క్యూబన్ జెయింట్స్. పేరులో క్యూబా ఉన్నా ఆడేవాళ్లు అమెరికా నల్లవాళ్లే. వాళ్ల తరఫున క్యాచర్‌గా ఆడాడు ఫోలిస్. 1910 ఏప్రిల్ 5న న్యుమోనియాతో చనిపోయాడు. వయసు ముప్ఫై ఒకటి. వూస్టర్ శ్మశానంలో పూడ్చిపెట్టారు.

ఇప్పుడు రికీ సంగతి. షెల్బీలో ఫోలిస్ పక్కన ఆడిన ఆ కుర్రాడు పెరిగి పెద్దవాడై బ్రూక్లిన్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టుకు అధిపతి అయ్యాడు. 1945 అక్టోబరులో జాకీ రాబిన్సన్ అనే నల్లజాతి ఆటగాడితో సంతకం చేయించాడు. తిట్టినా కొట్టినా తిరగబడకుండా నిలబడగల ధైర్యం నీకుందా అని రాబిన్సన్‌ను నిలదీసి మరీ అడిగాడు. 1947 ఏప్రిల్ 15న రాబిన్సన్ మైదానంలోకి దిగడంతో బేస్‌బాల్‌లో ఆ పాత గోడ కూలింది.

ఆ ధైర్యం ఎలా ఉంటుందో రికీ మొదట చూసింది ఫోలిస్‌లోనే అని చాలామంది రాశారు. వినడానికి బాగుంటుంది. అయితే రికీ స్వయంగా పదే పదే చెప్పుకున్న కథ వేరు. ఒహాయో వెస్లియన్ బేస్‌బాల్ జట్టులో చార్ల్స్ థామస్ అనే నల్లజాతి విద్యార్థి ఉండేవాడు. ఆటకని సౌత్ బెండ్ ఊరికి వెళ్తే హోటలు వాళ్లు అతనికి గది ఇవ్వలేదు. రికీ పట్టుబట్టి తన గదిలోనే పడుకోబెట్టుకున్నాడు. ఆ గదిలో థామస్ తన చర్మాన్ని ఊడబెరుక్కునేలా చేతులు రుద్దుకుంటూ ఏడ్చాడని రికీ చెప్పేవాడు. ఆ కథను పక్కకు నెట్టి మొత్తం ఘనత ఫోలిస్‌కు కట్టబెట్టడం న్యాయం కాదు. ఒకే కాలంలో ఇద్దరు చార్ల్స్‌లు రికీ కళ్లముందు ఉన్నారు. ఒకడు ఏడ్చాడు, ఒకడు దిగమింగాడు. నలభై ఏళ్ల తర్వాత రాబిన్సన్‌ను అడిగిన ఆ ప్రశ్నలో ఇద్దరూ ఉన్నారని నేను నమ్ముతాను.

ఫుట్‌బాల్‌లో ఫోలిస్ తెరిచిన దారిలో మరికొందరు నడిచారు. అక్రన్ జట్టులో చార్ల్స్ బేకర్ వచ్చాడు. తర్వాత అదే ఊళ్లో ఫ్రిట్జ్ పోలార్డ్. ఈనాటి జాతీయ ఫుట్‌బాల్ లీగు, ఎన్‌ఎఫ్‌ఎల్, 1920లో కాంటన్ పట్టణంలో ఒక కార్ల షోరూమ్‌లో పుట్టింది. ఆ మొదటి ఏడాదే పోలార్డ్ ఆడిన అక్రన్ ప్రోస్ చాంపియన్ అయింది. మరుసటి ఏడు ఆ జట్టుకు కోచ్ బాధ్యత కూడా మోశాడు. అంత గొప్పవాడు కూడా సొంత ఊరి ఆటలకు బట్టలు మార్చుకున్నది జట్టు యజమాని సిగార్ల కార్ఖానాలో. జట్టుతో కలిసి హోటల్లో తినడానికి వీల్లేదు. తర్వాత దారే మూసుకుపోయింది. 1933 సీజను అయ్యాక పన్నెండేళ్ల పాటు ఎన్‌ఎఫ్‌ఎల్‌లో ఒక్క నల్లవాడు లేడు. నిబంధనల పుస్తకంలో అలాంటి నియమం ఏదీ లేదు. యజమానులు నోటిమాట మీద నడిపించేశారు. 1946లో లాస్ ఏంజెలెస్ రామ్స్ కెన్నీ వాషింగ్టన్‌ను, వుడీ స్ట్రోడ్‌ను తీసుకున్నాకే ఆ కట్టు తెగింది. ఆ పన్నెండేళ్లలో ఆడగలిగే వయసు దాటిపోయిన కుర్రాళ్ల పేర్లు ఏ రికార్డులోనూ ఉండవు. ఈ కథలో నన్ను అన్నిటికన్నా బాధపెట్టేది అదే.

ఫోలిస్ పేరు కూడా అలాగే పోవలసింది. అతను చనిపోయిన ఆరు దశాబ్దాల తర్వాత, 1970ల్లో, పాత పత్రికలు తిరగేస్తున్న పరిశోధకులకు షెల్బీ గ్లోబ్‌లోని ఆ చిన్న వార్త కంటబడింది. అప్పుడుగానీ మొదటి నల్లజాతి ప్రొఫెషనల్ ఎవరో లోకానికి తెలియలేదు. 1998లో వూస్టర్ హైస్కూలు తన మైదానానికి ఫోలిస్ పేరు పెట్టుకుంది. ఒహాయో రాష్ట్రం అతని పుట్టినరోజును చార్ల్స్ ఫోలిస్ దినంగా ప్రకటించింది.

కాంటన్‌లో 1963 నుంచీ ప్రొఫెషనల్ ఫుట్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఉంది. మహా ఆటగాళ్ల కంచు ప్రతిమలు అక్కడ వరుసగా కొలువై ఉంటాయి. ఫ్రిట్జ్ పోలార్డ్‌కు 2005లో చోటు దొరికింది. అప్పటికి ఆయన కన్నుమూసి పంతొమ్మిదేళ్లు. ఫోలిస్ ఆడింది ఎన్‌ఎఫ్‌ఎల్ పుట్టక ముందు, అతని ఆటకు గణాంకాలు లేవు అని ఎవరైనా అడ్డుచెప్పవచ్చు. గణాంకాలు రాసిపెట్టని కాలంలో ఆడటం ఆటగాడి తప్పు కాదు. అతని సమాధికి ఆ హాలు కారులో గంటలోపు దూరం. అందులో ఫోలిస్ ప్రతిమ ఇంకా లేదు. ఉండాలి.