జలాంతర్గామి నుండి విద్యుత్కేంద్రమునకు

1953 జూన్ మాసమున, సముద్రమునకు వందల మైళ్ల దూరముననున్న అమెరికాలోని ఐడహో ఎడారిలో, ఒక జలాంతర్గామి అట్లాంటిక్ మహాసముద్రమును దాటినది! నిజమునకు అది అంగుళమైనను కదలలేదు. ఓడ గర్భములోని ఒక భాగమును నేలమీదనే నిర్మించి, అందులో అణు రియాక్టరును అమర్చినారు. కొన్ని గంటల పరీక్ష చాలునని ఇంజనీర్లు అన్నను, నౌకాదళాధికారి హైమన్ రికోవర్ ఆపనీయలేదు. యంత్రము తిరిగినకొలది ఓడ ఎంత దూరము పోయెడిదో సముద్రపటముపై గుర్తించుచు, ఐర్లండు తీరము వచ్చువరకు నడిపించినారు.

నేడు ప్రపంచమున విద్యుత్తునిచ్చు అణు రియాక్టర్లలో అధిక భాగము ఈ ఎడారి ఓడకు సంతతియే. దానిని పీడనజల రియాక్టరు అందురు. ఇళ్లలో దీపము వెలిగించుటకు ఏది మేలని విచారించి ఎన్నుకొన్న పద్ధతి కాదిది. ఇరుకైన ఓడలో ఏది ఇముడునని వెదకి ఎన్నుకొన్నది.

1946లో ఓక్‌రిడ్జ్ ప్రయోగశాలలోని ఆల్విన్ వైన్‌బర్గ్ అను భౌతికశాస్త్రజ్ఞుడు జలాంతర్గామికి ఈ పద్ధతిని సూచించినాడు. నీరు ఇచట రెండు పనులు చేయును. యురేనియము నుండి వెలువడు న్యూట్రానుల వేగమును తగ్గించి విచ్ఛిత్తిని సాగనిచ్చును. పుట్టిన వేడిని మోసికొనిపోవును. కొలతలు సరిగా నిర్ణయించినచో, నీరు వేడెక్కి పలుచబడగానే విచ్ఛిత్తియు తనంతట మందగించును. వంటయింటి ప్రెషర్ కుక్కరులో వలె పీడనముచేత నీటిని మరగనీయరు. నేటి పెద్ద రియాక్టర్లలో ఆ పీడనము వాయుమండలపు పీడనమునకు 150 రెట్లకు పైన, వేడి 300 డిగ్రీల సెంటిగ్రేడుకు మించి యుండును. ఈ నీరు తన వేడిని గొట్టముల గోడల ద్వారా వేరొక నీటికిచ్చును; ఆ రెండవ నీరే ఆవిరియై టర్బైనును త్రిప్పును.

మాకు అన్నిటికంటె ముచ్చట గొలిపినది జిర్కోనియము కథ. ఇంధనమునకు తొడుగుగా న్యూట్రానులను మ్రింగని లోహము కావలెను. జిర్కోనియము మొదట పనికిరాదనిపించినది. దోషము దానిది కాదు, ఖనిజములో దానిని విడువక అంటియుండు హాఫ్నియముది. దానిని వేరుచేయగానే జిర్కోనియము తొడుగైనది. న్యూట్రానులను మ్రింగు హాఫ్నియము విచ్ఛిత్తిని అదుపు చేయు కడ్డీలకు పనికివచ్చినది! హైదరాబాదులోని న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్సులో నేడును ఈ వేర్పాటు జరుగుచున్నది.

1955 జనవరి 17న నాటిలస్ జలాంతర్గామి అణుశక్తితో బయలుదేరినది. అంతకు పూర్వమే, 1953లో, విమానవాహక నౌకకు రియాక్టరు నిర్మించు ప్రయత్నము రద్దు కాగా, ఆ పని పెన్సిల్వేనియాలోని షిప్పింగ్‌పోర్ట్ విద్యుత్కేంద్రమునకు మళ్లినది. 1957 డిసెంబరులో అచట పుట్టిన విద్యుత్తు 60 మెగావాట్లు. అది 1982 వరకు పనిచేసినది.

తరువాత వచ్చినవి దానికి పదిరెట్లు, పదిహేను రెట్లు పెద్దవి. ఇచటనే చిక్కు వచ్చినది. విచ్ఛిత్తిని ఆపినను ఇంధనములోని వేడి ఒక్కసారిగా చల్లారదు. ఆపిన క్షణమున ఆరు, ఏడు శాతము మిగిలియుండును. చిన్న యంత్రమున అది స్వల్పము, పెద్ద యంత్రమున ఇంధనమును కరగించుటకు చాలును. భద్రతనుగూర్చి హెచ్చరించుచు వచ్చిన వైన్‌బర్గ్‌ను 1973లో ఓక్‌రిడ్జ్ అధిపత్యము నుండి తప్పించినారు. పద్ధతిని కనిపెట్టినవాని మాటనే త్రోసిపుచ్చుట మాకు వింతగా తోచును. 1979 మార్చి 28న త్రీ మైల్ ఐలండ్‌లో ఒక కవాటము మూతపడక నీరు జారిపోయినది. నీరు ఎక్కువైనదని భ్రమపడి సిబ్బంది సరఫరాను తగ్గించినారు. ఇంధనములో దాదాపు సగము కరగినది.

మన దేశమున ఈ జాతి రియాక్టరు తన రెండు రూపములతోను దాదాపు ఒకేమారు మేల్కొన్నది. 2013 జూలైలో తమిళనాడులోని కూడంకుళము విద్యుత్కేంద్రమున విచ్ఛిత్తి ఆరంభమైనది. మరుసటి నెలలో, 2009లో విశాఖపట్టణమున జలప్రవేశము చేసిన అరిహంత్ జలాంతర్గామిలో ఆరంభమైనది.