వెరుమ్ పల్లె, కిసాన్‌నగర్ తండా

2019 జులై 6. ఫ్రాన్స్‌లోని నీస్ నగరంలో మహిళల ప్రపంచకప్ మూడో స్థానం కోసం స్వీడన్, ఇంగ్లండ్ తలపడుతున్నాయి. 2-1తో స్వీడన్‌ది పైచేయి. ఇంకో రెండు మూడు నిమిషాలు గడిస్తే చాలనగా ఇంగ్లండ్ క్రీడాకారిణి లూసీ బ్రాంజ్ కొట్టిన బంతి గోలులోకి దూసుకెళ్లింది. వెళ్లిపోయిందనే అనుకున్నారంతా. సరిగ్గా గోల్‌గీత మీద ఒకామె నిలబడి ఉంది. తలొడ్డింది. బంతి బయటికొచ్చింది, పతకం స్వీడన్‌కు దక్కింది.

ఆమె పేరు నిల్లా ఫిషర్. డిఫెండర్. మన పాతకాలపు ఫుట్‌బాల్ ఆటగాళ్లు ‘స్టాపర్’ అని పిలిచే చోటు ఆమెది. గోలు కొట్టినవాళ్ల పేరు మర్నాడు పత్రికల్లో పెద్దక్షరాల్లో పడుతుంది. గోలు పడకుండా కాసినవాళ్లను ఊరికే తలుచుకునేవాళ్లు తక్కువ. నాకు మాత్రం ఈ ఆటలో మొదటినుంచీ వెనక నిలబడి ఆడేవాళ్లంటేనే ఇష్టం. అందుకే ఆమె కథ వెతుక్కుని చదివాను. చదువుతుంటే నా కన్ను ఆ పతకాల మీద ఆగలేదు. ఆమె పుట్టిన పల్లె మీద ఆగింది.

స్వీడన్ దక్షిణ కొసన స్కోనె అనే ప్రాంతం ఉంది. అక్కడ వెరుమ్ అనేది చిన్న పల్లె. 1984లో పుట్టిన నిల్లా అక్కడి ఊరి క్లబ్బులోనే బంతి తన్నడం మొదలుపెట్టింది. తర్వాత క్రిస్టియాన్‌స్టాడ్, ఆపైన మాల్మో, లిన్‌షోపింగ్ క్లబ్బులు. మొదట మైదానం మధ్యలో ఆడేది. 2013 ప్రాంతంలో జాతీయ జట్టు కోచ్ పియా సుండ్‌హాగె ఆమెను వెనక్కి జరిపి డిఫెన్సులో నిలబెట్టింది. దాదాపు ముప్పై ఏళ్లకు చేరువైన క్రీడాకారిణికి చోటు మార్చడం చిన్న విషయం కాదు. ఆ మార్పే ఆమెను ప్రపంచస్థాయి డిఫెండర్‌ను చేసింది. అదే ఏడాది జర్మనీలోని వోల్ఫ్స్‌బుర్గ్ క్లబ్బుకు వెళ్లింది. 2014లో చాంపియన్స్ లీగ్ గెలిచింది. 2016 రియో ఒలింపిక్స్‌లో రజతం, 2011లోనూ 2019లోనూ ప్రపంచకప్ కాంస్యాలు, 2018లో స్వీడన్ ఉత్తమ క్రీడాకారిణికిచ్చే వజ్రపు బంతి. దేశం తరఫున 194 మ్యాచ్‌లు ఆడింది.

అక్కడంతా పూలబాటేనని అనుకోకూడదు. 2011 ప్రపంచకప్ సందర్భంగా తాము స్త్రీలమేనని నిరూపించుకోవడానికి జట్టులోని అమ్మాయిలు దేహపరీక్షకు నిలబడాల్సి వచ్చిందని నిల్లా 2023లో తన పుస్తకంలో రాసింది. చదివినప్పుడు మనసు కలుక్కుమంది. అంత ముందున్న దేశంలోనూ ఆడపిల్ల ఆడుకోవడానికి కట్టిన సుంకం అది.

ఇంతకీ స్వీడన్ ఎంత దేశం? 2011 జనగణనలో మన ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాల జనాభా రెండూ కలిపి సుమారు 94 లక్షలు. ఆ ఏడాది స్వీడన్ జనాభా కూడా అటూఇటూగా అంతే. అంటే మా తిరువూరు నుంచి మాచర్ల దాకా ఉన్నంత జనం. ఆ జనంలోంచి లేచిన అమ్మాయిల జట్టు ప్రపంచకప్‌లో ఒకసారి రెండో స్థానం, నాలుగుసార్లు మూడో స్థానం, ఒలింపిక్స్‌లో రెండు రజతాలు తెచ్చింది.

చలిదేశం వాళ్లు, బలమైన తిండి తినేవాళ్లు, వాళ్లతో మనకు పోలికేమిటి అని ఎవరైనా అంటే చరిత్ర ఒప్పుకోదు. స్వీడన్ అమ్మాయిల జాతీయ జట్టు మొదటి మ్యాచ్ ఆడింది 1973లో, ఫిన్లాండ్ మీద. మన దేశంలో మహిళల ఫుట్‌బాల్ సమాఖ్య పుట్టిందీ, లక్నోలో మొదటి జాతీయ పోటీలు జరిగిందీ 1975లో. తేడా రెండేళ్లే! 1980లో కోజికోడ్‌లో ఆసియా మహిళల పోటీలు జరిగినప్పుడు మన దేశం ఒకటి కాదు, రెండు జట్లను దింపింది. అందులో ఒకటి ఫైనల్ దాకా వెళ్లింది. 1983లో బ్యాంకాక్‌లో మళ్లీ రెండో స్థానం. ఆ ఏడాదే శాంతి మల్లిక్‌కు అర్జున అవార్డు వచ్చింది. ఆ మరుసటి ఏడాది, 1984లో, స్వీడన్ యూరప్ విజేత అయింది. ఫైనల్లో ఇంగ్లండ్‌పై చివరి పెనాల్టీ కొట్టి గెలిపించిన అమ్మాయి, తర్వాత నిల్లాను డిఫెండర్‌గా మలిచిన పియా సుండ్‌హాగేనే.

అంటే 1980ల మొదట్లో ఆ దేశం, మన దేశం తమ తమ ఖండాల్లో ముందు వరసలోనే ఉన్నాయి. అక్కణ్నుంచి దారులు చీలాయి. స్వీడన్‌లో 1988లో దేశమంతటికీ ఒకే మహిళల లీగ్ మొదలైంది. గెలిచిన అమ్మాయి రేపు ఎక్కడ ఆడాలో, ఎవరి మీద ఆడాలో ముందే తెలిసే ఏర్పాటు అది. మన దగ్గర మహిళల సమాఖ్యను 1990ల తొలినాళ్లలో అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్యలో కలిపేశారు. కలిపాక ఏళ్ల తరబడి పట్టించుకున్నవాళ్లు లేరు. సరిపడా మ్యాచ్‌లు ఆడనందుకు ఒకప్పుడు ఫిఫా ర్యాంకుల జాబితాలోంచే మన అమ్మాయిల జట్టు పేరు తప్పించారు. ఇండియన్ విమెన్స్ లీగ్ మొదలైంది 2016-17లో. స్వీడన్ కంటే ఇరవై ఎనిమిదేళ్లు వెనక. ఆ మధ్య కాలంలో ఎందరు అమ్మాయిలు స్కూలు చివరి గంటతో పాటే బంతిని కూడా వదిలేశారో లెక్క రాసినవాళ్లు లేరు.

తెలుగునేల మీద ఫుట్‌బాల్ లేదా అంటే, ఉంది. ఆటంటే ప్రాణం పెట్టిన బడిపంతులు రహీం సాబ్ తయారుచేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదేళ్లు రోవర్స్ కప్ గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం తెచ్చిన భారత జట్టుకు ఆయనే కోచ్. తులసీదాస్ బలరాం, వెనక కోటగోడలా నిలిచిన అజీజుద్దీన్ ఆ జట్టులోని మన హైదరాబాదీలే. ఈ కథలు విని పెరిగిన తరం ఇంకా ఉంది. అయితే ఆ కథల్లో ఎక్కడా ఒక ఆడపిల్ల కాలికి బంతి తగిలిన చప్పుడు వినిపించదు.

ఆ చప్పుడు మొదట గట్టిగా వినిపించింది నిజామాబాద్ జిల్లా కిసాన్‌నగర్ తండా నుంచి.

గుగులోత్ సౌమ్య 2001లో పుట్టింది. లంబాడా బిడ్డ. చిన్నప్పుడు ఆమెకు తెలిసింది పరుగు. నిజామాబాద్‌లో నాగరాజు అనే కోచ్ ఆ పరుగు చూసి, ఈ వేగం ఫుట్‌బాల్‌కు పనికొస్తుందని బంతి వైపు మళ్లించాడు. వెరుమ్‌లో నిల్లాకు క్లబ్బు ఉంది. సౌమ్యకు ఉన్నది ఒక కోచ్ కన్ను. ఆ కన్ను ఆ రోజు వేరేవైపు చూసి ఉంటే మనకీ పేరే తెలిసేది కాదు. నా బాధంతా అదే. ఒక మనిషి చూపు మీద ఆధారపడి ఎంతమంది సౌమ్యలను పట్టుకోగలం?

ఆమె డిఫెండర్ కాదు, ముందు ఆడే క్రీడాకారిణి. మైదానం అంచు వెంట బంతితో దూసుకెళ్లే వేగం ఆమె బలం. చిన్న వయసు విభాగాల్లో దేశానికి ఆడి, గోకులం కేరళ క్లబ్బులో రాటుదేలి, 2022లో క్రొయేషియాలోని డినమో జాగ్రెబ్ క్లబ్బుతో ఒప్పందం చేసుకుంది. మధ్యప్రదేశ్ అమ్మాయి జ్యోతి చౌహాన్ కూడా అప్పుడే అక్కడ చేరింది. అంతకు రెండేళ్ల ముందు, 2020లో, మణిపూర్‌కు చెందిన బాలాదేవి స్కాట్లాండ్‌లోని రేంజర్స్ క్లబ్బులో చేరి తలుపు తెరిచింది. ఆ తలుపులోంచే మన తండా పిల్ల యూరప్‌లో అడుగుపెట్టింది. భాష రాదు, తిండి వేరు, చలి వేరు. ఇరవై ఒక్కేళ్ల వయసు.

తిరిగొచ్చాక ఈస్ట్ బెంగాల్ క్లబ్బుకు ఆడింది. 2024-25 సీజన్లో ఆ క్లబ్బు మొదటిసారి ఇండియన్ విమెన్స్ లీగ్ గెలుచుకుంది. టైటిల్ ఖాయం చేసిన మ్యాచ్‌లో అంతకుముందటి విజేత ఒడిశాపై 1-0 గెలుపు, ఆ ఒక్క గోలూ సౌమ్యదే. ఆ సీజన్‌కు దేశంలో ఉత్తమ మహిళా ఫుట్‌బాలర్ అవార్డు కూడా ఆమెకే వచ్చింది. ఆ జూన్‌లో థాయ్‌లాండ్‌లో జరిగిన ఆసియా కప్ అర్హత పోటీల్లో మంగోలియాపై 13-0 గెలిచిన మ్యాచ్‌లో రెండు గోల్స్ కొట్టింది. జులై 5న సంగీతా బస్ఫోర్ రెండు గోల్స్‌తో థాయ్‌లాండ్‌ను 2-1తో ఓడించి భారత్ 2026 ఆసియా కప్‌లో చోటు సంపాదించింది. అర్హత పోటీలు గెలిచి అక్కడికి వెళ్లడం మన అమ్మాయిలకు అదే మొదటిసారి.

ఇదంతా నేను తిరువూరులో కూర్చుని రాస్తున్నాను. బెజవాడ నుంచి జగదల్‌పూర్ వెళ్లే రహదారి మీద ఆంధ్ర వైపు మాది చివరి పెద్ద ఊరు. ఇంకొంచెం వెళ్తే తెలంగాణ. చుట్టూ మామిడి తోటలు. పక్కన ఎ.కొండూరు మండలంలోకి వెళ్తే తండాలే తండాలు. ఆ తండాల పేరు పత్రికల్లో వచ్చేది కిడ్నీ జబ్బుల వార్తల్లోనే. అక్కడి తాగునీళ్ల సంగతి, ఆ జబ్బుల మరణాలు రాయవలసినవే. ఆ తండాల్లోనే పొద్దున్నే గట్ల వెంట పరిగెత్తి బస్సు అందుకునే ఆడపిల్లలున్నారు. కిసాన్‌నగర్ తండాలో సౌమ్య పరిగెత్తింది కూడా అలాంటి పరుగే. వాళ్ల కాళ్లలో ఏముందో చూసేవాళ్లు లేరు.

మా చిన్నప్పుడు బళ్లో ఆటల గంట కొట్టగానే ఫుట్‌బాల్ మగపిల్లలకిచ్చేవారు. మాకు త్రోబాల్, టెన్నికాయిట్ రింగు, ఖోఖో. ఒకసారి మేం నలుగురం వెళ్లి ఆ బంతి మాకూ ఇమ్మని అడిగాం. ‘మోకాళ్లు చెక్కుకుపోతే రేపు మీ అమ్మానాన్నలకు ఎవరు సమాధానం చెప్తారు’ అన్నారు. ఖోఖోలో మా మోకాళ్లు రోజూ చెక్కుకుపోతూనే ఉండేవి. దాని గురించి ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఫుట్‌బాల్‌కు పెద్ద ఖర్చు లేదు. ఒక బంతి, చదునైన నేల, రెండు వైపులా పాతడానికి నాలుగు వెదురు కర్రలు చాలు మొదలుపెట్టడానికి. కావలసింది వారానికి నాలుగు రోజులు సాయంత్రం గంటసేపు నిలబడే ఒక పెద్దదిక్కు. ఆ తర్వాత ఆ పిల్లలు ఎవరి మీద ఆడాలన్న ప్రశ్నకు జవాబు. అది మండలంలో మరో జట్టు, జిల్లాలో ఇంకో పది జట్లు. స్వీడన్ 1988లో చేసిన పని అదే. సౌమ్య ఎదిగింది కూడా లీగ్ అనే మెట్టు దొరికాకే. పిల్లల్లో సత్తువ లేక కాదు, ఆ మెట్లు లేక మన దగ్గర ఆట ఆగిపోతోంది.

తిరువూరు, ఎ.కొండూరు, విస్సన్నపేట బడుల్లోని వ్యాయామ ఉపాధ్యాయులకు నాదొక్క విన్నపం. ఈ ఏడు స్కూల్ గేమ్స్ ఎంపికలకు మన వైపు నుంచి ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్టు ఒకటి వెళ్లేలా చూడండి. పదకొండు మంది దొరుకుతారు. తండాల వైపు వెళ్లి అడగండి. బంతి నేను కొనిస్తాను.