పరాయి ఊరి మంత్రసాని

లక్నోలో పనిచేస్తున్న ఎలిజబెత్ బీల్బీ అనే మిషనరీ వైద్యురాలిని పన్నా మహారాణి చికిత్స నిమిత్తం తన సంస్థానానికి పిలిపించుకొన్నది. ఆమె తిరుగు ప్రయాణమైనప్పుడు, ఈ దేశపు స్త్రీలు రోగపీడితలై పడే యాతనను గురించి విక్టోరియా రాణికి ఒక సందేశం వ్రాయించి, లాకెట్టులో పెట్టి పంపింది. అది 1881. నాలుగేళ్ళకు డఫరిన్ నిధి వెలసింది. నగరాలలో స్త్రీల ఆసుపత్రులు లేచాయి. అయితే పురుడు ఇంటిలోనే జరిగేది. ఆసుపత్రి కట్టినంతమాత్రాన గర్భిణి గడప దాటదు. వైద్యమే ఆ గడప దాటి లోనికి పోవలసి ఉండెను.

లోపల అప్పటికే దాయి ఉన్నది. తెలుగునాట మంత్రసాని వంటిది. ఉత్తరదేశంలో బొడ్డు కోయడం మైలపనిగా ఎంచబడి, అంటరానివారనిపించుకొన్న కులాల స్త్రీల పాలబడింది. తాకరానిదని తానే దూరముంచిన చేతిని పిమ్మట మురికిదని సంఘం నిందించడం విచిత్రమే. 1903లో లేడీ కర్జన్ నెలకొల్పిన విక్టోరియా స్మారక నిధి దాయిలకు శిక్షణ ఇప్పించ సంకల్పించింది. ఫలితం స్వల్పం. పాఠానికి వచ్చిన దినాన ఆమె కూలి పోయేది మరి!

1946 నాటి భోర్ సంఘం నివేదిక ప్రకారం ఏటా ప్రసవ సంబంధమైన కారణాలతో మరణించే స్త్రీలు సుమారు 2,00,000. శిక్షణ పొందిన మంత్రసానులు సుమారు 5,000. స్వాతంత్ర్యానంతరం, 1952 నుండి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలతోపాటు ఏ.ఎన్.ఎం. అనే సహాయక నర్సు పల్లెలకు బయలుదేరింది. చేత సంచి, ఒంటిమీద తెల్లచీర, ఊరు మాత్రం పరాయిది. అర్ధరాత్రి ఎవరో లాంతరుతో వచ్చి తలుపు తడితే, ముక్కుమొగం తెలియని మగవాని వెంట ఆ ఒంటరి స్త్రీ పొలంగట్ల మీద నడవాలి. పోకుంటే ప్రాణహాని, పోతే మరునాడు ఊరంతా గుసగుస. ఎన్నో చోట్ల ఆమెకు వసతిగృహమైనా లేదు. దాయికి చదువు లేకపోయినా ఇల్లూ వాకిలీ ఉన్నవి, ఆ ఊరి తగవులలో ఆమెకొక పక్షమున్నది. సర్కారు సంచిలో సర్దలేకపోయినది అదే.

ఆపైన కుటుంబ నియంత్రణ లక్ష్యాలు ఆమె నెత్తిన పడ్డాయి. 1975-77 నాటి అత్యవసర పరిస్థితి దినాలలో, పురుడు పోయవచ్చిన మనిషిని చూచి ఇల్లాళ్ళు తలుపులు మూసుకొన్నారు. ఒకమారు పోయిన నమ్మకం జీతపురాళ్ళతో తిరిగిరాదు. ఆ లక్ష్యాలను ఎత్తివేయడానికి 1996 దాకా పట్టింది.

2005లో జననీ సురక్షా యోజన దారినే త్రిప్పివేసింది: నర్సు ఇంటికి పోవడం కాక, గర్భిణి ఆసుపత్రికి రావడం. 2005-06లో నూటికి 39గా ఉన్న ఆసుపత్రి కాన్పులు 2019-21 నాటికి 89కి చేరాయి. గర్భిణి వెంట బండిలో కూర్చుండేది ఆశా కార్యకర్త. ఆమె నియామకానికి మొదటి నిబంధన, ఆ ఊరి నివాసియై ఉండాలని. పెళ్ళయి, అత్తవారింటికి తరలిపోయే ప్రమాదం లేని కోడలైతే మరీ మేలని.