జమీందార్ల వకీలూ, డి-ఫారం పట్టా వేలిముద్రా

1952లో సుప్రీంకోర్టులో ఉత్తరప్రదేశ్ జమీందార్ల తరఫున వాదించిన వకీళ్లలో డాక్టర్ అంబేద్కర్ ఒకరు. ఈ మాట చెబితే మనవాళ్లు చాలామంది నమ్మరు. నమ్మినవాళ్లు ఎందుకులే ఎత్తడం అంటారు. మేం ఎత్తాలనే అనుకుంటున్నాం.

1951 మార్చిలో పాట్నా హైకోర్టు బీహార్ భూసంస్కరణ చట్టాన్ని కొట్టేసింది. అట్లాంటి చట్టాలను కాపాడటానికి తెచ్చిన మొదటి రాజ్యాంగ సవరణను న్యాయశాఖ మంత్రిగా పార్లమెంటులో సమర్థించింది ఆయనే. సెప్టెంబరులో మంత్రి పదవి వదిలారు. ఏడాది తిరక్కుండా, ఆ సవరణ ఎవరికి అడ్డమైందో వాళ్ల పక్షాన లేచారు. ఫీజు కోసం అనేస్తే పని తేలికే, కానీ వాదన ఏమిటో చూడాలి కదా! స్వేచ్ఛ, న్యాయం, సమానత్వం కోసం రాసుకున్న రాజ్యాంగంలో, ప్రజాప్రయోజనం లేకుండా, న్యాయమైన పరిహారం ఇవ్వకుండా ఆస్తి తీసుకోకూడదన్న నిషేధం పైకి రాయకపోయినా ఇమిడి ఉంటుందన్నారు. భూమంతా ప్రభుత్వపరం కావాలన్న 1947 నాటి 'రాష్ట్రాలు-మైనారిటీలు'లో కూడా పరిహారంగా రుణపత్రాలు ఇవ్వాలనే రాశారు. కోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. జమీందార్లు ఓడారు. ఓడటమే మంచిదైంది.

మరి ఆ వాదనతో నిజంగా అవసరం ఉన్నదెవరికి? మన వాడల్లో డి-ఫారం పట్టా, లావుణి పట్టా ఉన్నవాళ్లకి. ప్రభుత్వం భూమి తీసుకుంటే పక్క పట్టా చేనుకు 1894 చట్టం కింద మార్కెట్ ధర, 1984 నుంచి దానిమీద 30 శాతం సొలేషియం. మన చేనుకు పట్టాలోని షరతు చూపించి ఎక్స్‌గ్రేషియా. ధర నిరూపించాలంటే అమ్మకం కాగితాలు పెట్టాలి. అమ్మకూడదని 1977 చట్టం కట్టేసిన భూమికి అమ్మకం కాగితం ఎక్కడిది? 2004లో గానీ ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం, అసైన్డ్ రైతుకూ పట్టాదారుతో సమానంగా పరిహారం ఇవ్వాలని చెప్పలేదు.

చెప్పినా, వేలిముద్ర దగ్గర చిక్కు ఉండనే ఉంది. 'అభ్యంతరంతో తీసుకుంటున్నాను' అని రాయించకుండా డబ్బు తీసుకుంటే 18వ సెక్షన్ కింద కోర్టుకు పోయే దారి మూసుకుపోతుంది. ఆ ఒక్క మాట రాయించే వకీలేమో టౌనులో ఉంటాడు. గెలిచినదాంట్లో వాటా మాట్లాడుకోకూడదని బార్ కౌన్సిల్ నియమం. వాటా లేకుండా ముందే ఫీజు కట్టగలిగేది పట్టాదారే.

2014 జనవరి 1న కొత్త చట్టం వచ్చింది. సొలేషియం నూరు శాతమైంది. 18వ సెక్షన్ 64 అయింది. అందులోనూ అవార్డు ఒప్పుకోనివాళ్లకే దారి. అవార్డు ఇచ్చినప్పుడు ఎదురుగా ఉన్నవాళ్లకి గడువు ఆరు వారాలే. తగిన కారణం చూపగలిగితే మరో ఏడాది.