దూడకు తొలి కవచం

ఆవు ఈనిన ఇంట జున్ను వండి ఇరుగుపొరుగులకు పంచడం మనకు ఒక వేడుక. అయితే ఆ తొలిపాలలో దూడకు రావలసిన వంతు ఎంత, అది ఎప్పుడు అందవలెను అన్న ప్రశ్నకు సమాధానం దొరకడానికి శాస్త్రజ్ఞులకు చాలా కాలం పట్టినది.

1892లో జర్మనీలో పాల్ ఎర్లిక్ చిట్టెలుకలపై చేసిన పరిశోధన ఆ అన్వేషణకు నాంది. ఆయన ఎన్నుకొన్న విషాలు మనకు పరాయివి కావు. ఒకటి ఆముదపు గింజలోనిది, మరొకటి గురివింద గింజలోనిది. ఈ విషాన్ని తట్టుకొనే శక్తిని సంపాదించిన తల్లి దగ్గర, ఆ శక్తి లేని తల్లికి పుట్టిన పిల్లలను పాలకు విడిచారు. ఆ పిల్లలు సైతం విషాన్ని తట్టుకొన్నాయి. రక్షణ పాలద్వారా సంక్రమిస్తుందని రుజువైనది.

1922లో అమెరికాలో థియోబాల్డ్ స్మిత్, రాల్ఫ్ లిటిల్ అనే పరిశోధకులు ఇదే విషయాన్ని దూడలలో పరీక్షించారు. ముర్రుపాలు త్రాగిన దూడలు బ్రతికాయి. అవి దక్కని వాటిలో అధికభాగం కొద్దిరోజులలోనే మరణించాయి. ప్రేగులకే పరిమితమై ఉండవలసిన సూక్ష్మజీవులు వాటి ఇతర అవయవాలలోనికి చొరబడినవి. ఆవులలో, గేదెలలో తల్లి రక్తంలోని రక్షక ద్రవ్యాలు మావిని దాటి పిండానికి చేరవు. కనుక దూడ నిరాయుధంగా జన్మిస్తుంది. ముర్రుపాలలోని ఆ ద్రవ్యాలను చెడకుండా రక్తంలోనికి తీసుకొనే శక్తి దాని ప్రేగులకు సుమారు 24 గంటలు మాత్రమే ఉంటుంది; అదియును గంటగంటకు క్షీణిస్తుంది.

ఇంత తెలిసిన పిమ్మట కూడా పశుపోషణ మరొక దారి పట్టినది. 1950లో అమెరికాలో స్టోక్‌స్టాడ్, జూక్స్ అనే శాస్త్రజ్ఞులు, ఆరియోమైసిన్ మందు తయారీలో మిగిలిన పదార్థాన్ని మేతలో కలిపితే కోడిపిల్లలు త్వరగా పెరుగుతున్నాయని ప్రకటించారు. అనతికాలంలోనే ఆంటీబయాటిక్ మందులు పందుల దాణాలోను, దూడల దాణాలోను చోటు చేసుకొన్నాయి. కాని మందుకు లొంగని సూక్ష్మజీవులు కూడా వాటితోపాటే వృద్ధిచెందినవి. 1969లో బ్రిటన్‌లో స్వాన్ సంఘం ఈ ప్రమాదాన్ని హెచ్చరించినది. పెరుగుదల కొరకు ఈ మందులు వాడరాదని 1986లో స్వీడన్, 2006 జనవరి 1 నుండి ఐరోపా సమాఖ్య అంతటా నిషేధించారు. మన దేశంలో 2019లో కొలిస్టిన్ అనే మందును ఆహారమిచ్చే పశుపక్షులకు వాడరాదని శాసించారు.

మందులకు బదులేమి? దీనికి ఒక సూచన 1973లో ఫిన్లాండ్ నుండి వచ్చినది. యంత్రంలో పొదిగిన కోడిపిల్లకు తల్లి వద్దనుండి మంచి సూక్ష్మజీవులు అందవు. నుర్మీ, రాంటాలా అనే పరిశోధకులు ఆరోగ్యవంతమైన పెద్దకోళ్ల ప్రేగులలోని పదార్థాన్ని పిల్లలకు పట్టగా, సాల్మొనెల్లా క్రిములు వాటిలో నిలదొక్కుకోలేకపోయాయి. మేలుచేసే క్రిములు ముందుగా చోటు ఆక్రమిస్తే కీడుచేసేవాటికి తావుండదని తేలినది. నేడు మేతలో కలిపే లాక్టోబాసిల్లస్, ఈస్టు వంటి అనుబంధాల వెనుకనున్న ఆలోచన ఇదే. వాటి ఫలితం అన్నిచోట్ల ఒకే తీరుగా లేదు. అవి పుట్టిన నాటి లోటును పూడ్చలేవు.

మావి పడేవరకు దూడకు పాలివ్వరాదనే నమ్మకం మన పల్లెలలో ఇంకను కొన్నిచోట్ల ఉన్నది. మావి పడడానికి ఎన్నో గంటలు పట్టవచ్చును. దూడకు అమూల్యమైనవి ఆ గంటలే. పుట్టిన రెండు గంటలలోపే తొలి విడత, మొదటి రోజున మొత్తంమీద దూడ బరువులో సుమారు పదవవంతు ముర్రుపాలు త్రాగించవలెను. కొట్టంలో ఖర్చులేకుండా లభించే ఈ కవచానికి సాటివచ్చే పొట్లం ఏ అంగడిలోను లేదు.